ఆసుపత్రి రాబడిలో మన భాష లెక్క

వేలూరులో 1900లో ఐడా స్కడర్ ఒకే ఒక్క మంచంతో వైద్యశాల తెరిచారు. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు వేరు జిల్లా అయినా రోగుల దారి మాత్రం వేరు కాలేదు. పలమనేరు, పుత్తూరు ప్రాంతాల ప్రజలు నేటికీ వేలూరుకో, చెన్నైకో పోతారు. చెన్నైలో 1978లో శంకర నేత్రాలయ ఏర్పడింది. 1983లో అపోలో ఆసుపత్రిని నెలకొల్పిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డిది చిత్తూరు జిల్లా అరగొండ. తమిళనాడు ఆర్థిక వ్యవస్థకు వైద్యరంగం నేడొక పెద్ద ఆధారమయిందంటే అందులో సరిహద్దుకు ఇరువైపులనున్న తెలుగువారి సొమ్ము, శ్రమ కూడా కలిసి ఉన్నాయి. అనంతపురం సీమవారు బళ్ళారికి, ఇచ్ఛాపురంవారు బరంపురానికి వైద్యానికి వెళ్ళడమూ ఇటువంటిదే.

ఆ ఆధారం ఎంతటిదో రాష్ట్రాల లెక్కలు పూర్తిగా చెప్పవు. రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో ఆరోగ్యాన్ని సాధారణంగా విద్య మొదలైనవాటితో కలిపి 'ఇతర సేవలు' అనే పద్దులో వేస్తారు. ప్రభుత్వాసుపత్రి సేవకు అంగడి ధర లేదు గనుక అక్కడి జీతభత్యాల ఖర్చునే ప్రధానంగా దాని విలువగా గణిస్తారు. రోగి వెంట వచ్చిన నలుగురు బసకు, భోజనానికి, ఆటోకు ఇచ్చినది వాణిజ్య, రవాణా పద్దులకు పోతుంది. వేలూరు ఆసుపత్రి పరిసర వీధుల్లో బెంగాలీ, హిందీ బోర్డులు కనిపిస్తాయి. ఏ శాసనమూ ఆ వర్తకులను నిర్బంధించలేదు. సొమ్ము ఎవరి చేతిలో ఉన్నదో వారి భాషను వర్తకుడు నేర్చుకున్నాడు, అంతే.

ఆసుపత్రి లోపలి సంగతి వేరు. కొన్నేళ్ళ క్రితం మా మేనత్తకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మోకాలి శస్త్రచికిత్స జరిగింది. సమ్మతి పత్రం ఇంగ్లీషులోనూ రాష్ట్ర భాషలోనూ ఉన్నది. ఆమెకు చదవవచ్చినది తెలుగొక్కటే. తాను చదవలేని ఆ కాగితం మీద గుండ్రని తెలుగు అక్షరాలతో చక్కగా సంతకం చేసింది. ఇంటికి వచ్చాక, కీళ్ళవాతానికి వారానికొకసారి వేసుకోవలసిన మాత్రను రోజూ వేసుకున్నది. చీటీలో సరిగానే రాశారు, కానీ తెలుగులో ఎవరూ చెప్పలేదు. నోరంతా పుండ్లు పడి, జ్వరంతో మళ్ళీ అదే ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నది.

ఆ రెండవ బిల్లు కూడా ఆర్థిక గణాంకాల దృష్టిలో ఉత్పత్తే! భాష తెలియక జరిగిన పొరపాటు రాష్ట్రాదాయాన్ని పెంచినట్లే లెక్క. పొలం వదిలి ఆమె పక్కన కూర్చున్న మా బావ పోగొట్టుకున్న పనిదినాలను మాత్రం ఏ ఆరోగ్య పద్దులోనూ రాయరు. దేశ ఆరోగ్య వ్యయంలో ప్రజలు నేరుగా తమ జేబు నుంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. తగ్గింది, నిజమే. కానీ ఆ మిగిలిన భారం మోసేవారికి తాము దేనికి చెల్లిస్తున్నారో తెలియవద్దా?

చట్టం ఈ విషయంలో మూగది కాదు. రోగి ఇచ్చే సమ్మతి వాస్తవమైనదిగా, తగిన సమాచారం అందిన తరువాత ఇచ్చినదిగా ఉండాలని 2008లో సమీరా కోహ్లీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త మందుల ప్రయోగాలకు సంబంధించిన 2019 నాటి నిబంధనలు, పాల్గొనే వ్యక్తికి అర్థమయ్యే భాషలో సమాచారమివ్వాలంటున్నాయి. ప్రయోగానికి లోబడిన మనిషికి దక్కిన ఈ స్పష్టత మామూలు రోగికి ఎందుకు దక్కరాదు? స్థానిక జనాభాలో 15 నుంచి 20 శాతం ఉన్న అల్పసంఖ్యాకుల భాషలో ముఖ్య ప్రకటనలు వెలువరించాలన్న 1956 నాటి కేంద్ర సూచన ఒకటున్నది. దానిని ప్రభుత్వాసుపత్రుల బోర్డులకు, పత్రాలకు వర్తింపజేయమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. దుబాసీలను నియమిస్తే మన పిల్లలకు ఉద్యోగాలూ దొరుకుతాయి.

రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, రాష్ట్రంలో వాడుకలోనున్న ఏ భాషలోనైనా బాధానివారణకు ప్రభుత్వాధికారికి విన్నవించవచ్చు. జవాబు కూడా అదే భాషలో ఇవ్వాలని మాత్రం అందులో లేదు. అయినా తెలుగులోనే రాయండి. జిల్లా కలెక్టరుకు పంపి, రసీదు భద్రపరచండి. మీ వద్దనున్న సమ్మతి పత్రాల, మందుల చీటీల నకళ్ళపై రోగి పేరు కొట్టివేసి మా కార్యాలయానికి కూడా పంపండి. ఒక్కొక్క జిల్లాకు ఒక్కొక్క దస్త్రంగా కూర్చి, ఆయా ప్రభుత్వాలకు మేమే అందజేస్తాము.