పీడీఎఫ్ మళ్లీ కాగితమైంది

కోల్‌కతా కాలేజీ స్ట్రీటును అక్కడివాళ్లు బొయిపాడా అంటారు, పుస్తకాల పేట అని. ప్రెసిడెన్సీ గోడ వెంబడి చిన్న చిన్న కొట్లలో పుస్తకాలు నడుమెత్తున పేర్చి ఉంటాయి. ఆ చుట్టుపక్కలే జిరాక్సు కొట్లు కూడా. ఫోనులోని పీడీఎఫ్‌ను కొట్టువాడికి పంపి, రెండువైపులా ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగుతో చంకలో పెట్టుకుపోయే విద్యార్థులకు అక్కడ కొదవ లేదు. చదువు తెరమీదికి ఎక్కిందన్నారు. మరి ఇంత కాగితం ఎందుకు?

అచ్చు పుస్తకాలు వద్దు, సాఫ్ట్ కాపీ చాలు అన్న విద్యార్థికి దూరవిద్య విశ్వవిద్యాలయం ఇగ్నో ఫీజులో 15 శాతం తగ్గింపు ప్రకటించింది. ఇక పూర్తి ఆన్‌లైన్ కోర్సులను వీడియో పాఠం, ఈ-కంటెంట్, చర్చ, మూల్యాంకనం అనే నాలుగు పాదాల మీద యూజీసీ నిలబెట్టింది. వాటిలో అచ్చు పుస్తకం ఊసు లేదు. ఇందులో మేలు లేకపోలేదు. పరీక్ష దగ్గరపడినా పోస్టులో రాని పుస్తకాల కట్ట కోసం ఎదురుచూసిన అనుభవం దూరవిద్య చదివిన ఇళ్లకు కొత్త కాదు. పీడీఎఫ్ క్షణంలో వస్తుంది. కానీ అచ్చు ఖర్చు, గోదాము అద్దె, తపాలా చార్జీ తప్పింది విశ్వవిద్యాలయానికి. కాగితం మీదే చదువు ఎక్కే పిల్లవాడు ఆ ఖర్చును జిరాక్సు కొట్టులో, చిల్లర ధరకు, తానే పెట్టుకుంటున్నాడు.

అదేదో పాత అలవాటని కొట్టిపారేయలేం. 54 అధ్యయనాలను, లక్షా డెబ్బై వేల మందికి పైగా పాఠకులను కలిపి చూసిన పరిశీలన 2018లో వెలువడింది. కథల విషయంలో పెద్ద తేడా కనబడలేదు గానీ, సమాచారం నిండిన పాఠాలు కాగితం మీదే మెరుగ్గా అర్థమయ్యాయట. గడియారం చూసుకుంటూ చదివేటప్పుడైతే ఆ తేడా ఇంకా ఎక్కువ. పరీక్షల ముందు చదువంటే అదే కదా.

తెలుగు మాధ్యమం వాళ్లకు మరో చిక్కుంది. మన డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి యూనికోడ్ కాని అను ఫాంట్లతో పేజీలు కట్టారు. అలా తయారైన పీడీఎఫ్‌లో ‘ద్రవ్యోల్బణం’ అని కొట్టి వెతికితే దొరకదు. ఆ మాటను కాపీ చేసి మరోచోట అతికిస్తే అర్థంలేని గుర్తులు వచ్చిపడతాయి. స్కాను చేసినదైతే ఉత్త ఫొటోయే. ఏ4 పేజీని అరచేతి తెర మీద రెండు వేళ్లతో లాగి లాగి చదవాలి. వెతుక్కునే సౌకర్యమూ లేక, పేజీ మడిచే వీలూ లేక, రెంటికీ చెడిన రేవడి ఆ పాఠం.

అచ్చు పుస్తకం చేతులు మారుతుంది కూడా. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగునాటే పుట్టింది; ఇప్పుడది హైదరాబాదులో అంబేడ్కర్ పేరుతో ఉంది. దాని తెలుగు పుస్తకాలను అక్కడ చేరనివాళ్లు సైతం గ్రూప్స్ పరీక్షలకని వెతికి కొంటారు. అవి కోఠీ పాతపుస్తకాల కొట్ల దాకా వెళ్లి, ఇంకొకరి పెన్సిలు గీతలతో తిరిగొస్తాయి. స్పైరల్ ప్రతికి ఆ యోగం లేదు. అది తూకానికి పోతుంది.

కాగితానికి గండాలు లేవని కాదు. కోల్‌కతాకు ఎగువన, హుగ్లీ ఒడ్డున ఉన్న శ్రీరాంపురం ముద్రణాలయంలో 1812లో నిప్పంటుకుని అచ్చక్షరాలు, రాతప్రతులు ఎన్నో కాలిపోయాయి. 2020 మే 20న ఉంపన్ తుపాను విరుచుకుపడ్డాక కాలేజీ స్ట్రీటు నీటిలో పుస్తకాలు తేలాయి. ఆ సమయంలో ఫోనులోని పీడీఎఫ్‌దే పైచేయి.

కోల్‌కతాలోనే 1997లో ఏర్పడిన నేతాజీ సుభాష్ సార్వత్రిక విశ్వవిద్యాలయం తన పాఠాలను అచ్చులోనూ, వెబ్‌సైటులోనూ అందిస్తోంది. ఆ రెండూ ఉండాలి. పాఠం యూనికోడ్‌లో, ఫోను తెరకు సరిపడేలా ఉండాలి. కాగితం కావాలన్నవారికి అధ్యయన కేంద్రంలోనే, కావలసిన యూనిట్లు మాత్రం, ఖర్చు ధరకు అచ్చువేసి ఇవ్వవచ్చు. అంతకన్నా ముందు, ఇగ్నో తానిచ్చిన 15 శాతం తగ్గింపు ఎన్ని రూపాయలో కాగితం మీద రాసి, దాని పక్కన ఒక విద్యార్థి జిరాక్సు బిల్లు పెట్టి చూసుకోవాలి.