అగ్గిపెట్టె ఋణం

మా దాదీమా జీవించి ఉన్నంతకాలం ఆమె ట్రంకుపెట్టెలో ఒక బిస్కెట్ల డబ్బా, ఆ డబ్బాలో మైనపుగుడ్డ చుట్టిన ఒక అగ్గిపెట్టె ఉండేవి. దానిని ఎవరూ ముట్టుకోరాదు. బాల్యంలో అది మాకొక వింత. 1977 నవంబరు 19వ తేదీ నాటి రాత్రి గడిచిన తరువాత, రేపల్లె ప్రాంతంలోని ఆమె ఇంట తడవకుండా మిగిలిన కొద్ది వస్తువులలో ఒక అగ్గిపెట్టె ఉన్నదని, అటక మీది పాత పీటలు విరిచి ఆ పుల్లతో పొయ్యి రాజేస్తే, ఇరుగుపొరుగువారు పెంకుముక్కలలో నిప్పుకణికలు పట్టుకొని పోయారని మేము పెద్దవారమైన తరువాత తెలిసింది. పోయిన గేదెను గురించి, కూలిన గోడను గురించి ఆమె అంతగా చెప్పేది కాదు. ఆ నిప్పును గురించి మాత్రం పదే పదే చెప్పేది.

ఆనాటి ఉప్పెన సంగతి మన జిల్లాలలో తెలియనివారు లేరు. దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచిన సముద్రం కృష్ణా ముఖద్వారంలోని దివిసీమను ముంచివేసింది. పదివేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల తీరగ్రామాలు సైతం ఆ ఘోరాన్ని చవిచూచాయి. అంతటి దుఃఖం నడుమ ఒక అగ్గిపుల్లను తలచుకొనుట చాదస్తంగా తోచవచ్చు. కాని సర్వం పోయినవానికి మిగిలిన స్వల్పవస్తువు స్వల్పం కాదు. పొడి ఉప్పు, మంచినీటి కుండ, పక్కింటివారి పిలుపు, ఇవి ఏనాడూ మన లెక్కలోనికి రావు. తుపాను వచ్చినపుడే వాటి విలువ తెలుస్తుంది.

‘కృతజ్ఞత’ అనే మాటలోనే దాని అర్థం ఉన్నది. చేసిన మేలును ఎరిగి ఉండుట కృతజ్ఞత. అనగా ఎవరు ఏమి చేశారో తెలిసికొనవలె. మా ఇండ్లలో నిత్యం వినిపించే ‘షుక్ర్’ అనే మాట భావం కూడ ఇంతే. తోటి మానవుని మేలును గుర్తింపనిదే దైవం పట్ల కృతజ్ఞత పూర్తి కాదని ఇస్లాం బోధిస్తుంది. కావున ‘ఏదో బ్రతికి బయటపడ్డాము’ అని ఊరకుండుట కృతజ్ఞత అనిపించుకొనదు. ఎట్లు బయటపడ్డామో విచారింపవలె.

విచారించి చూడండి. 1990 మే నెలలో మళ్ళీ అంతటి పెనుతుపాను మన తీరాన్ని తాకింది. ఆస్తినష్టం అపారం. అయినను మృతుల సంఖ్య వేయి లోపుననే నిలిచింది. కారణం, హెచ్చరికలు ముందుగా అందుట, లక్షలాది ప్రజలను సకాలంలో తరలించుట. 1977 తరువాత తీరం పొడవునా వెలసిన తుపాను ఆశ్రయ భవనాలు, వాతావరణ కేంద్రంలో రాత్రంతా మేలుకొన్న ఉద్యోగి, పల్లెపల్లెకు వెళ్ళి జనాన్ని కదిలించిన గుమాస్తా, వీరికి మనం ఋణపడి ఉన్నాము. వారి పేర్లు ఎవరికీ తెలియవు.

ఇక 2023 డిసెంబరు 5వ తేదీన మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. ముందుజాగ్రత్తల వలన మన ప్రాంతంలో ప్రాణనష్టం బహుస్వల్పం. కాని నల్లరేగడి చేలలో నీరు నిలిచి మిరపమొక్కల వేళ్ళు కుళ్ళాయి. తీతకు వచ్చిన పత్తి చెట్టు మీదనే తడిసి నల్లబడింది. ఎకరానికి లక్షకు పైబడిన పెట్టుబడి బురదపాలయింది. ఆ వారం తరగతికి రాని ఒక విద్యార్థిని అడుగగా, అతని తండ్రి కౌలురైతు అని, చేను చూడవచ్చిన ఒక పెద్దమనిషి “ప్రాణాలు దక్కాయి గదా, అల్లాకు షుక్ర్ చెప్పుకోండి” అని వెళ్ళిపోయాడని చెప్పాడు. తండ్రి తలవంచుకొని “అట్లాగే అన్నా” అన్నాడట.

ఈ సంభాషణ నన్ను నేటికీ బాధిస్తున్నది. ‘ప్రాణాలు దక్కాయి, చాలు’ అనే మాట నష్టపోయినవాని నోట వచ్చినపుడు మహోన్నతం. నష్టపోనివాడు దానిని ఉపదేశించినపుడు అది తన బాధ్యతను తప్పించుకొనుటకు ఒక సాధనం మాత్రమే. ఆ కౌలురైతుకు పంటనష్టపు జాబితాలో చోటు లేదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం క్రింద గుర్తింపు పత్రం పొందుటకు అప్పట్లో భూయజమాని సమ్మతి అవసరమయ్యేది. ఆ సంతకం దొరకక పత్రం రాలేదు. పత్రం లేనివాని పంట పోయినను పోయినట్లు లెక్కకు రాలేదు. అతడు షుక్ర్ చెప్పుకొనుటకు, తన హక్కు అడుగుటకు మధ్య వైరుధ్యం ఏమున్నది? రెండును ఒకే నోటితో చెప్పదగిన మాటలే.

సంతృప్తిని బోధిస్తే రైతుకు మనశ్శాంతి కలుగుతుందని కొందరు పెద్దలు అనవచ్చు. శాంతి కలుగవచ్చును. కాని వడ్డీ వ్యాపారి శాంతితో సమాధానపడడు.

కనుక కళాశాల కమిటీ వారికి, విద్యార్థులకు ఒక మనవి. మన తీరానికి తుపానులు మళ్ళీ రాక తప్పదు. వచ్చినపుడు వారం దినాలు మన కళాశాల వరండాలో నాలుగు బల్లలు వేయండి. తెలుగు, ఉర్దూ రెండును చదువ నేర్చిన మన విద్యార్థులు అక్కడ కూర్చొని కౌలురైతులకు, పత్తి తీసే కూలీలకు, మిరపకల్లాలలో పనిచేసే స్త్రీలకు దరఖాస్తులు వ్రాసిపెట్టనీయండి. ఇందుకు నిధులు అక్కరలేదు. కాగితం, కలం, కొంత ఓపిక చాలు.

ఇది చిన్నపనియే. మా దాదీమా నిప్పు పంచిననాడు ఆమె చేసినది కూడ చిన్నపనియే. కణికలు తీసికొని పోయినవారిలో ఏ మతంవారు ఎందరో ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఆ ఉదయం ఎన్ని ఇండ్ల నుండి పొగ లేచినదో మాత్రం వ్రేళ్ళపై లెక్కపెట్టి చెప్పేది.