పేరు, తండ్రి పేరు, ఊరు, కులం

పోయిన వారం మా స్టాఫ్ రూములో ఒక మాట విన్నాను. "ఆ పిల్లాడికి పొగరండీ. ప్రశ్న అడిగితే నేల చూస్తాడు గానీ నోరు విప్పడు."

ఆ పిల్లాడు నాకు తెలుసు. మొదటి నెలలో గలగలా మాట్లాడేవాడు. వేమన పాఠం చెబుతుంటే లేచి నాతోనే వాదన పెట్టుకున్నాడు. తర్వాత ఒకరోజు స్కాలర్‌షిప్ ఫారాలు తీసుకుంటూ, క్లాసులో అందరి ముందూ "ఎస్సీ వాళ్లు లేవండి" అన్నారు. లేచాడు. ఆ రోజు కూర్చున్నవాడు మళ్లీ నోరు తెరవలేదు.

అలా అన్నది ఎవరో కాదు, నేనే. మాదిగవాడలో పుట్టి, తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసి, వేదికల మీద కులం గురించి మాట్లాడే నేనే. సాయంత్రంలోగా ఫారాలన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించాలన్నారు. ఆ హడావుడిలో, నన్ను చిన్నప్పుడు ఏ మాటతో లేపారో అదే మాట నా నోట్లోంచి వచ్చింది.

2004లో కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం వెలువరించారు. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు 642 మంది. సగం పై కులాలు, సగం కింది కులాలు. 'దారి కనుక్కోండి' అని పిల్లల పత్రికల్లో వస్తాయే, అలాంటి పజిళ్లు ఇచ్చారు. కులం ఊసెత్తని చోట ఇద్దరూ సమానంగా చేశారు. కొన్ని గుంపుల్లో మాత్రం ముందుగా ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, ఊరు, కులం పైకి చదివారు. అక్కడ కింది కులాల పిల్లల ఫలితం ఐదో వంతుకు పైగా పడిపోయింది. అవే పజిళ్లు, అదే వయసు. తేడా అల్లా ఆ పైకి చదవడమే.

"ఆ మాత్రం తట్టుకోకపోతే ఎలా? అంబేద్కర్ తట్టుకోలేదా?" అంటారు. కొలంబియాలో చదివొచ్చిన బాబాసాహెబ్ కూడా 1917లో బరోడాలో తలదాచుకునే చోటు దొరక్క, ఉద్యోగం వదిలి బొంబాయి వెళ్లిపోయారు. దాన్ని ఆయన పిరికితనం అందామా? మరి పద్దెనిమిదేళ్ల పిల్లాడి మౌనాన్ని పొగరని ఎలా అంటాం?

మన పిల్లలు మాట్లాడకపోతే మొద్దులు, ఎదురు మాట్లాడితే రౌడీలు. వాళ్ల ప్రవర్తనకు మార్కులు వేసేవాళ్లు ఆ గదికి ఎందుకు వెయ్యరు?

మొన్న ఆ పిల్లాణ్ణి పిలిచి, "తప్పు నాదిరా" అన్నాను. "పర్లేదు సార్" అన్నాడు. నేల చూస్తూనే అన్నాడు. ఒక్క క్షమాపణతో తీరేది కాదని అర్థమైంది.

ఈసారి ఫారాలు రోల్ నంబర్ల వారీగా, ఒక్కొక్కరినీ విడిగా పిలిచి తీసుకుంటున్నాను. ఒక పూట ఎక్కువ పడుతుంది, పడనీ. మీ కాలేజీలో ఎలా తీసుకుంటున్నారో అడగండి. పక్క బెంచీలో ఎవరైనా ఉన్నట్టుండి మూగబోతే, వెళ్లి పక్కన కూర్చోండి.

జై భీమ్.