గడియారానికి ఉజ్ర్ తెలియదు, మనకు తెలియాలి



ఆన్‌లైన్‌లో వంతులవారీగా ఆడే చాలా ఆటలకి ఒక ఖానూన్ ఉంది. నీ వంతు వచ్చాక ఇచ్చిన వఖ్త్‌లోపల ఎత్తు వెయ్యకపోతే ఓడిపోయినట్టే. ఎందుకు వెయ్యలేదని ఎవరూ అడగరు. చెస్ అయినా, రాజ్యాలు కట్టి ఫౌజులు నడిపే ఆటలైనా చాలాచోట్ల ఇదే వరస. మన పిల్లలు దీన్ని వకాల్తా పుచ్చుకుని మరీ సమర్థిస్తారు. "గడియారం అందరికీ ఒకటే కదా మామూ, ఇంతకంటే ఇన్సాఫ్ ఏముంటుంది?" అంటారు. నేను ఒప్పుకోను. జ్వరంతో పడుకున్నవాణ్ణీ, ఓడిపోతున్నానని ఫోన్ విసిరేసినవాణ్ణీ ఒకే దెబ్బ కొట్టడం ఇన్సాఫ్ ఎలా అవుతుంది? కళ్లు మూసుకుని కొట్టినంత మాత్రాన ఖాజీ అయిపోరు.

ముందే ఒక మాట. పైసలు పెట్టి ఆడే రమ్మీ వగైరాల గురించి నేను మాట్లాడటం లేదు. అది ఖిమార్, హరామ్, దాని మీద బహస్ లేదు. షత్‌రంజ్ విషయంలో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉందని కూడా తెలుసు. హనఫీ ఉలమా గట్టిగా కాదన్నారు, షాఫయీల్లో కొంత నర్మీ ఉంది. మీ ఇంట్లో ఏది నడుస్తుందో మీ ఆలిమ్‌ని అడగండి. కానీ పిల్లలు ఆడుతున్నారన్నది హఖీకత్. ఆడేవాళ్లకి ఆ ఆట ఏ అఖ్లాఖ్ నేర్పుతోందన్నదే నా సవాల్.

మన కోనసీమ సంగతే చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెడుతూ సర్కార్ తొలి నోటిఫికేషన్ ఇచ్చింది. మే 24న అమలాపురంలో ఫసాద్. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. ఆ వెంటనే మొబైల్ ఇంటర్నెట్ బంద్. రోజుల తరబడి అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఫోన్లన్నీ డబ్బాల్లా పడి ఉన్నాయి. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసుకునేవాళ్లు సిగ్నల్ కోసం గోదావరి గట్లు, పక్క జిల్లాలు పట్టుకు తిరిగారు. ఇళ్లు కాలిన బాధ ముందు ఆటల సంగతి చిన్నదే. కానీ ఉజ్ర్ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే సాఫ్ మిసాల్ నాకు దొరకదు.

మా చెల్లెలి కొడుకు రాజోలులో, వాళ్ల అబ్బా కువైట్‌లో. మన ప్రాంతంలో ఇలాంటి ఇళ్లు ఎన్నో మీకు తెలుసు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆయన డ్యూటీ దిగేసరికి ఇక్కడ పిల్లాడు నిద్రపోతాడు. అందుకని ఇద్దరూ రోజుకో ఎత్తు వేసుకునే చెస్ ఆడేవారు. ఎత్తుకి 3 రోజుల వఖ్త్. అబ్బా పొద్దున్న ఒక గుర్రం కదిపితే, వీడు సాయంత్రం ఒక బంటు జరిపేవాడు. తండ్రీకొడుకుల ములాఖాత్ అదే. ఇంటర్నెట్ పోయింది, 3 రోజులు దాటాయి, ఆట ముగిసింది. కొడుకు టైమౌట్, అబ్బాకి గెలుపు. ఆ గెలుపు ఆయన అడగలేదు. మామూలు ఫోన్ కాల్‌లో ఆయనకి ఇక్కడి హాలంతా తెలుసు. తెలియనిది ఆటకే. వద్దు మొర్రో అన్నవాడి చేతిలో కూడా గెలుపు పెట్టి పంపే ఖానూన్‌ని ఏమనాలి?

"మెషీన్ నియ్యత్‌ని ఎలా చూస్తుంది?" అంటారు. చూడలేదు, నిజమే. దిలోంలో ఏముందో అల్లాహ్‌కే తెలుసు. కానీ నియ్యత్ కనపడనప్పుడు ఏం చెయ్యాలో మన దీన్ ఎప్పుడో చూపించింది. రంజాన్‌లో బీమారీ వల్లో, సఫర్ వల్లో రోజా పోతే తర్వాత ఖజా ఉంచుకుంటే సరి. జాన్‌బూఝ్‌కే తెంచినవాడికి ఖజాతోపాటు కఫ్ఫారా కూడా పడుతుంది. పోయింది ఒకే రోజా, హుకుమ్ మాత్రం రెండు రకాలు. ఆ హుకుమ్ కూడా ముందే తెలుసు, మనిషిని చూసి మార్చేది కాదు. ఆటల ఖానూన్‌లో లేనిది ఈ ఫర్కే.

ముందే రాసుకోకపోతే ఏమవుతుందో పెద్దవాళ్ల ఆటలోనే చూశాం. 2020 ఆన్‌లైన్ చెస్ ఒలింపియాడ్. మన ఆంధ్రా నుంచి కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఉన్న టీమ్. క్వార్టర్ ఫైనల్లో మనతో ఆడుతున్న అర్మేనియా కుర్రాడి కనెక్షన్ తెగిపోయింది, ఆట పోయింది. అర్మేనియా అపీల్ చేస్తే కొట్టేశారు, వాళ్లు టోర్నీ నుంచే తప్పుకున్నారు. ఆగస్టు 30న రష్యాతో ఫైనల్లో ప్రపంచమంతా ఇంటర్నెట్ కుదుపు తింది. మన నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్ కనెక్షన్లు పోయి టైమ్ మీద ఓడారు. మనం అపీల్ చేశాం. ఫిడే సదర్ రెండు జట్లకీ స్వర్ణం ఇచ్చేశారు. నేనూ ఖుషీ అయ్యాను. కానీ అర్మేనియావాళ్ల జగాలో నిలబడి ఆలోచించండి. రెండు హాదసాలూ ఒకటే అని నేననను. ఆ రోజు ఇబ్బంది దునియా అంతటిదీ. అయినా ఎంత ఇబ్బందికి ఎంత మొహ్లత్ అని ముందే రాసి ఉంటే, ఫైసలా ఒక మనిషి దయ మీద ఆధారపడేది కాదు.

ఇప్పుడు అవతలి పక్షం. ఎదురుచూసేవాడికీ హఖ్ ఉంది. అతని వఖ్త్ కూడా అమానతే. ఓడిపోయే ఆటలో ఎత్తు వెయ్యకుండా గడియారం మొత్తం కరిగించేవాడిది పక్కా బేఇమానీ. వాడికి నా దగ్గర రహమ్ లేదు. మొహ్లత్‌ని వాడు దుర్వినియోగం చేస్తాడన్న భయమూ సహీయే. అందుకే మొహ్లత్‌కి హద్దు ఉండాలి. గడియారమే వద్దని నేననడం లేదు.

దారులు లేక కాదు. కొన్నిచోట్ల ఇప్పటికే ఉన్నాయి. చెస్.కామ్ రోజువారీ ఆటల్లో ఛుట్టీ పెట్టుకోవచ్చు. లిచెస్‌లో ఎదుటివాడు మాయమైతే గెలుపు అడగవచ్చు, లేదా డ్రా ఇవ్వవచ్చు. ఇఖ్తియార్ మనిషి చేతిలో పెట్టారు, ఎహ్‌సాన్‌కి జగా దొరికింది. వెబ్‌డిప్లొమసీలో కొన్ని వంతులు తప్పితే మాఫీ, అంతకు మించితే ఆ రాజ్యాన్ని ఇంకొకరు అందుకుని నడపవచ్చు, మిగతావాళ్ల ఆట పాడవదు. వీటికి నేను చేర్చమనేది ఒక్కటే. సర్కార్ ఇంటర్నెట్ బంద్ చేస్తే ఆ ఉత్తర్వును బయటపెట్టి తీరాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే బంద్ దాగే విషయం కాదు. ఒక జిల్లా ఆటగాళ్లంతా ఒకేసారి గాయబ్ అయితే అది ఒకడి బహానా కాదని తెలుసుకోవడం కంపెనీలకి కష్టమేమీ కాదు. ఆ రోజుల గడియారాలు ఆపండి. ఆపలేకపోతే కనీసం రేటింగ్ కొయ్యకండి.

కంపెనీలు వినేలోపు మన ఇళ్లలో మనం చెయ్యగలిగింది ఉంది. అజాన్‌కి పావుగంట ముందు లైవ్ ఆట మొదలుపెట్టవద్దు. మగ్రిబ్ పిలుపు వినపడుతుంటే "ఒక్క నిమిషం అమ్మీ" అనే పిల్లాడు గడియారానికి గులామ్ అయిపోయినట్టే. ఊరెళ్తుంటే ఎదుటివాడికి ముందే ఖబర్ చెయ్యాలి. ఓడిపోతే సలాం చెప్పి ఒప్పుకుని లేవాలి, మాయం కావడం మర్దానగీ కాదు. ఎదుటివాడు ఆగిపోతే "భయపడి పారిపోయాడు" అని బద్‌గుమానీ చెయ్యకూడదు. ఏ ఊళ్లో కరెంటు పోయిందో, ఎవరింట్లో జనాజా లేచిందో మనకేం తెలుసు?

తంగీలో ఉన్న కర్జ్‌దారుకి మొహ్లత్ ఇవ్వమని నేర్చుకున్న ఉమ్మత్ మనది. పైసల్లో ఇవ్వమన్న మొహ్లత్‌ని ఒక గుర్రం ఎత్తులో ఇవ్వలేమా? డ్రా బటన్ పక్కనే ఉంది. ఈసారి మీ పిల్లాడికి ఎదురుగా ఎవరైనా గైర్‌హాజిర్ అయితే, ఏది నొక్కాలో పక్కన కూర్చుని మీరే చెప్పండి.

వస్సలాం.