కంటికి రెప్ప సరే, రెప్పకెవరు?

ప్రాణప్రదంగా చూసుకొనే వారిని గురించి ‘కంటికి రెప్పలా కాపాడుకొంటున్నారు’ అని చెప్పడం మన నుడికారం. ఆ మాటలో ఎంతటి శాస్త్రసత్యం ఇమిడి ఉన్నదో మనలో చాలామంది గమనించి ఉండరు. రెప్ప కంటికి తలుపు మాత్రమే కాదు. కంటి తడి ఆరిపోకుండా కాపాడే చమురు తయారయ్యేది కూడా ఆ రెప్పలోనే. వయసు పెరిగే కొద్దీ ఆ చమురు గ్రంథులు క్రమంగా క్షీణిస్తాయి. అవి ఎంతవరకు క్షీణించాయో కంటిని ముట్టుకోకుండా, కేవలం కాంతి సహాయంతో చిత్రించి చూపే పరికరాలు నేడు ఉన్నాయి. అయినా మన పెద్దల కళ్ళ ప్రస్తావన వచ్చినప్పుడు శుక్లాలు, నీటికాసులు, మధుమేహం వల్ల కలిగే నష్టం మనకు గుర్తుకు వస్తాయే తప్ప కంటి ఉపరితలం సంగతి ఎవరికీ తోచదు. ఆ ఉపేక్ష తగదని, ముఖ్యంగా శుక్లాల శస్త్రచికిత్సకు ముందు ఉపరితల పరీక్ష తప్పక జరగాలని నా అభిప్రాయం.

కంటి నల్లగుడ్డుకు ముందు అద్దంలా పారదర్శకంగా ఉండే కవచమే శుక్లపటలం. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. దానిపై పరచుకొని ఉండే కన్నీటి పొర మందం మిల్లీమీటరులో ఇంచుమించు మూడు వెయ్యోవంతులు మాత్రమే. కంటిలోకి ప్రవేశించే వెలుగుకు మొదట ఎదురయ్యేది ఈ పలుచని పొరే. దాని పైభాగాన మరింత పలుచని చమురు పూత ఉండి, అడుగున ఉన్న నీరు ఆవిరి కాకుండా నిలుపుతుంది. ఈ చమురును స్రవించే గ్రంథులు పై రెప్పలోను, కింది రెప్పలోను నిలువు వరుసలుగా అమరి, రెప్పల అంచుల వద్ద తెరుచుకొంటాయి. 1666లో జర్మన్ వైద్యుడు హైన్రిక్ మైబోమ్ వీటిని వివరంగా వర్ణించినందువల్ల వీటికి మైబోమియన్ గ్రంథులన్న పేరు స్థిరపడింది.

వయసుతో పాటు ఈ గ్రంథులలో కొన్ని పొట్టివవుతాయి, కొన్ని మాయమవుతాయి. మిగిలిన వాటిలో చమురు చిక్కబడుతుంది. తెల్లగుడ్డుపై ఉండే పలుచని పొర వదులై ముడతలు పడుతుంది. కింది రెప్ప బిగువు తగ్గుతుంది. కన్నీటి పొర రెప్పపాటుకూ రెప్పపాటుకూ మధ్యనే చిట్లిపోతుంది. అప్పుడు కంటిలో ఇసుక పడినట్లు గరగర, మంట, చదువుతుండగా అక్షరాలు మసకబారి రెప్ప వేయగానే తేరుకోవడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. విచిత్రమేమంటే, ఇటువంటి కన్ను తరచు ధారగా నీరు కారుస్తుంది. చమురు కరవై ఉపరితలం ఎండినప్పుడు, ఆ బాధకు ప్రతిక్రియగా కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీటిని కుమ్మరించడమే ఇందుకు కారణం. కన్నీటి నాళం మూసుకొనిపోయినా నీరు కారుతుంది కనుక ఏది కారణమో వైద్యుడే తేల్చాలి. ‘నీరు కారుతున్న కన్ను ఎండిపోవడమేమిటి?’ అని మన పెద్దలు నవ్వుతారు. ‘వయసు మీద పడిందిలే’ అని మనమూ ఊరుకొంటాము. శీతకాలంలో తలుపులు బిగించి హీటరు వేసుకొనే ఇక్కడి ఇళ్ళలోని పొడిగాలి ఈ బాధను మరింత పెంచుతుంది.

ఈ స్థితిని కనుగొనడానికి 1903లో ఆటో షిర్మర్ ప్రవేశపెట్టిన పద్ధతి నేటికీ వాడుకలో ఉన్నది. కింది రెప్పలో సన్నని కాగితపు ముక్కను దోపి, 5 నిమిషాలలో అది ఎంత మేర తడిసినదో కొలుస్తారు. మరొక పద్ధతిలో కంటిలో రంగు వేసి, కన్నీటి పొర ఎన్ని సెకన్లకు చిట్లుతుందో చూస్తారు. ఇవి ఉపయోగకరమైనవే. కాని కాగితం తగిలిన కంటిలో నీరు ఊరుతుంది, రంగు చుక్కతో కన్నీటి పొర స్వభావమే కొంత మారుతుంది. కొలిచే సాధనమే కొలవవలసిన దానిని మార్చివేస్తున్నదన్నమాట.

స్పర్శలేని చిత్రణకు ఈ దోషం లేదు. కంటి ముందు వెలుగు వలయాలను ఉంచి, కన్నీటి పొరపై వాటి ప్రతిబింబాన్ని కెమెరాతో చూస్తారు. పొర చిట్లిన చోట వలయం వంకర పోతుంది. పంతొమ్మిదవ శతాబ్దంలో పోర్చుగీసు వైద్యుడు ప్లాసిడో వాడిన వలయాల బిళ్ళే దీనికి మూలం. ఇక రెప్పను కొద్దిగా తిప్పి పరారుణ కాంతిలో చిత్రిస్తే చమురు గ్రంథులు తెల్లని చారలుగా కనిపిస్తాయి, అవి లేని చోట నల్లగా ఉంటుంది. జపాను వైద్యురాలు రేకో అరిటా, ఆమె సహచరులు ఈ విధంగా ఆరోగ్యవంతుల రెప్పలను చిత్రించి, వయసుతో గ్రంథులు తరిగిపోతున్న తీరును 2008లో ప్రకటించారు. 1991లో ప్రకటితమైన ఓ.సి.టి. విధానం మొదట కంటి లోపలి పొరల కోసం వచ్చినా, తరువాత శుక్లపటలాన్ని, రెప్ప అంచున నిలిచే కన్నీటి ఎత్తును కొలవడానికి కూడా ఉపకరించింది. అంతర్జాతీయ నిపుణుల బృందమొకటి 2017లో వెలువరించిన నివేదిక సైతం, కన్నీటి పొర నిలకడను వీలైనంతవరకు స్పర్శలేని పద్ధతిలోనే కొలవాలని సూచించింది.

ఇక శుక్లాల సంగతి. శస్త్రచికిత్సలో అమర్చే కృత్రిమ కటకం శక్తిని నిర్ణయించడానికి ముందుగా శుక్లపటలం వంపును కొలుస్తారు. ఆ కొలత కన్నీటి పొరపై పడిన ప్రతిబింబం నుండే వస్తుంది. పొర చెదిరి ఉంటే కొలత తప్పుతుంది. వంపు కొలతలో ఒక డయాప్టరు తేడా వస్తే కటకం శక్తిలోనూ దాదాపు అంతే తేడా వస్తుంది. అప్పుడు శస్త్రచికిత్స ఎంత నేర్పుగా జరిగినా చూపు అనుకొన్నంత స్పష్టంగా రాదు. పైగా శస్త్రచికిత్స తరువాత కొంతకాలం కంటి పొడితనం పెరగడం సర్వసాధారణం. కొద్ది వారాల ముందుగా వేడి కాపడం, రెప్పల అంచుల శుభ్రత, కన్నీటి చుక్కల వంటి చికిత్సతో ఉపరితలాన్ని కుదుటపరచి, తిరిగి కొలిస్తే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది.

అయితే చిత్రమే సర్వస్వమని నేననను. గ్రంథులు సగం పోయినా ఏ బాధా లేని పెద్దలున్నారు. చిత్రం చక్కగా ఉన్నా మంటతో తల్లడిల్లేవారూ ఉన్నారు. వయసుతో శుక్లపటలం స్పర్శజ్ఞానం కూడా తగ్గుతుంది కనుక, బాధ లేకపోవడం ఆరోగ్యానికి గుర్తు కాదు, నల్లని చిత్రం వ్యాధికి రుజువూ కాదు. కేవలం చిత్రాన్ని చూపి ఖరీదైన చికిత్సకు తొందరపెట్టేవారి వద్ద ‘దీనివల్ల మా అమ్మగారికి తగ్గే బాధ ఏమిటి?’ అని అడిగే హక్కు మనకున్నది.

మన తెలుగు సంఘాలు స్వస్థలాలలో కంటి శిబిరాలు నిర్వహించడం ఎంతో కాలంగా వస్తున్న మంచి ఆనవాయితీ. కాని ఎన్ని శస్త్రచికిత్సలు జరిగాయన్న సంఖ్యనే మనం సగర్వంగా ప్రకటించుకొంటున్నాము. వందలమంది బారులు తీరిన చోట ఉపరితల పరీక్షకు తీరిక ఎక్కడిదని కొందరు అడగవచ్చు. వంపును కొలిచే పరికరంలో కనిపించే వలయాలు చెదిరి ఉన్నాయా అని గమనించడానికి, రెప్ప అంచును మెల్లగా నొక్కి చమురు వస్తున్నదా అని చూడడానికి పట్టేది ఒకటి రెండు నిమిషాలే. అనుమానం కలిగిన వారికే చిత్రణ చేయించవచ్చు. అమెరికాలోని రాచెస్టర్‌లో పనిచేసి తిరిగి వెళ్ళిన శుక్లపటల నిపుణులు డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిని నెలకొల్పారు. అక్కడి నుండి గ్రామాలలోని దృష్టి కేంద్రాల వరకు ఒక వ్యవస్థ విస్తరించింది. నిపుణులకు కొరత లేని నేల మనది. శిబిరాలకు విరాళమిచ్చే మనమే ఈ పరీక్షను కూడా జరిపించమని నిర్వాహకులను కోరాలి.

ఇక ఇంటి సంగతి. తల్లిదండ్రులు ఇక్కడకు బయలుదేరక ముందే అక్కడ ఈ పరీక్ష చేయించడం మేలు, సందర్శకుల బీమా సాధారణంగా పాత వ్యాధులకు వర్తించదు. వారు వాడే మందుల జాబితాను వైద్యునికి చూపాలి. ఎలర్జీ మాత్రల వంటివి కన్నీటిని తగ్గిస్తాయి. శుక్లాల శస్త్రచికిత్సకు తేదీ నిర్ణయించేటప్పుడు ‘కన్నీటి పొరను, రెప్పలను చూశారా?’ అని ఒక్క మాట అడగండి. చూడలేదంటే, చూసిన తరువాతనే తేదీ పెట్టుకోండి.