బాటకు తలల లెక్క

పల్లెకు బాట వేయుటకు ముందు ప్రభుత్వము తలలు లెక్కించును. 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదానమున 500 మంది, కొండ, గిరిజన, ఎడారి ప్రాంతములలో 250 మంది ఉన్న ఆవాసమునకు సాధారణముగా అర్హత. లక్షకు మించిన ఆవాసములకు ఈ పథకము బాట చూపినది, కాదనలేము.

మరి 480 మంది గల పల్లె మాటేమి? బాట లేనందున పంతులు నిలువడు, పాలవ్యాను రాదు, పడుచువారు పట్నము చేరుదురు, జనము తగ్గును. ఆ తగ్గిన సంఖ్యనే చూపి బాటను నిరాకరించుట న్యాయమా? పైగా 2024లో ఆమోదము పొందిన నాల్గవ దశకును 2011 జనగణనయే ఆధారము! అర కిలోమీటరు లోపలి ఆవాసములను కలిపి లెక్కించు వీలు నిబంధనలలో ఉన్నది. ఆ హద్దును పెంచవలెను.

బాట పడినను బస్సు వచ్చునను నమ్మకము లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి పల్లెవెలుగు బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు. మంచి పనియే. కాని బస్సే రాని ఊరి ఆడపిల్లకు ఆ ఉచితము దేనికి? సాయంకాలపు బస్సు ఆగిన కొలది దినములకే ఇంటర్ బాలికల పేర్లు హాజరుపట్టీ నుండి జారిపోవుట అధ్యాపకులమైన మాకు కొత్త కాదు. కళాశాల సంఘమువారు డిపో మేనేజరుకు వ్రాయదలచినచో, ఏ ఊరి నుండి ఎందరు వచ్చుచున్నారో పట్టిక వ్రాసి యిచ్చుటకు మేము సిద్ధము.