సగము చదివిన పుస్తకము

గత ఆషాఢమాసమున పదియవ తరగతి బాలిక యొకతె మమ్మొక ప్రశ్న యడిగెను. ఉన్నవ లక్ష్మీనారాయణగారి "మాలపల్లి"ని గూర్చి మేము నల్లబల్లపై వ్రాసిన అయిదు వాక్యములను ఎక్కించుకొనుచు, తల యెత్తి, "మాస్టారూ, ఈ నవల మీరు మొత్తం చదివారాండీ?" అనెను. చదువలేదు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నుండగా పరీక్షకొరకు దాని సంగ్రహమును కంఠస్థము చేసితిమి. ఇరువది సంవత్సరములుగా ఆ సంగ్రహమునే పిల్లలచేత కంఠస్థము చేయించితిమి. ఆ దినమున ఏమో చెప్పి తప్పించుకొంటిమి గాని, ఇల్లు చేరువరకు ఆ ప్రశ్న మా వెంటనే నడచి వచ్చినది.

నాటినుండి ప్రతి శుక్రవారము చివరి పీరియడున గ్రంథాలయపు గదిలో మేమును పిల్లలును ఆ నవలను బిగ్గరగా చదువుచున్నాము. సగమైనను కాలేదు. పూర్తి చేయక యభిప్రాయము ప్రకటించుట తొందరపాటని తోటి యుపాధ్యాయులు మందలించిరి. మేమందులకు సమ్మతింపము. కడపటి పుట ముగిసిన పిమ్మట ఎల్లరును ఒకే తీరు మెప్పు పలుకుదురు. దారి నడుమ నున్నవాని మాటలో ఎండయు, ముల్లును తెలియుచుండును.

ఉన్నవవారు దీనిని 1922 ప్రాంతమున రాయవేలూరు చెఱసాలలో నుండి వ్రాసిరి. మదరాసు ప్రభుత్వము దీనిని నిషేధించెను. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన తరువాత గాని ఆ యడ్డు తొలగలేదు. కథను చూచి ప్రభుత్వ మేల భయపడవలెనని పిల్లలకు మొదట ఆశ్చర్యము. ఇప్పుడు వారాశ్చర్యపడుట లేదు.

చిన్నయసూరిగారి వ్యాకరణముతో పెరిగిన మాకు ఇందలి గుంటూరు సీమ పలుకుబడి మొదట కాలికి రాయి తగిలినట్లుండెను. పిల్లలకు అట్లు లేదు. ఒక బాలుడు ఒకానొక సంభాషణ చదువుచు, మా నాయనమ్మ ఇట్లే మాటలాడునని నవ్వి, ఆ పుట యంతయు ఆమె గొంతుతోనే చదివెను. మేము నాలుగు మాటల కర్థము అతని నడిగి తెలిసికొంటిమి. అయినను దోషము చెప్పక పోరాదు. కథ నిలిచిపోయి చర్చలును వేదాంతమును సాగు తావులు పెక్కు. అట్టి యొక శుక్రవారమున ఇద్దరు బాలురు నిద్రించిరి, మాకును ఆవులింత వచ్చెను.

పుస్తకమునకు అట్ట వేసికొన్నవారును ఇద్దరున్నారు. ముఖపత్రముపై పేరు కనబడరాదని వారి తలంపు. కారణ మడుగలేదు, మాకు తెలియును. మేమును అట్టి పేరుగల పేటనుండి వచ్చినవారమే. తీరిక లేక ఇన్నాళ్లు ఈ నవల చదువలేదని మాకు మేము చెప్పుకొంటిమి గాని, అది పూర్తిగ నిజము గాదు.

సంగదాసు చౌదరయ్య దెబ్బకు కూలిన ఘట్టము చదివిన నాడు గంట కొట్టినను ఎవరును లేవలేదు. సంగదాసునకు చెలికాడైన రామానాయుడు ఆ చౌదరయ్యకు కుమారుడే యగుట పిల్లల మనస్సును మఱింత కలచినది. రామదాసు దుఃఖమును దిగమింగు తీరు కొందరికి గొప్పదిగ తోచెను. తల్లి కూలికి పోవు బాలు డొకడు మాత్రము, "కొడుకు పోతే అంత ఓర్పు ఎట్లా వస్తుందండీ?" యని యడిగెను. క్షమను గూర్చి ఎన్నో దినములు ప్రసంగించిన మాకు ఆ నిమిషమున మాట తోచలేదు. సోదరుడు వెంకటదాసు ఏ త్రోవ పట్టునో పాత సంగ్రహమువలన మాకు తెలియును. పిల్లలు ఈ సంచికను చదువుదురు గావున ఇచ్చట వ్రాయము.

ఎనిమిదవ తరగతివారు వీరేశలింగము పంతులుగారి "రాజశేఖర చరిత్రము"ను చదువుచున్నారు. 1878లో "వివేకవర్ధని" పత్రికయందు వెలువడ నారంభించిన ఈ కథకు గోల్డుస్మిత్తు ఆంగ్ల నవల ప్రేరణము. అందలి వర్ణనలు వారికి కొఱుకుడు పడలేదు, నిజము చెప్పవలెనన్న దాటించివేసితిమి. బైరాగి బంగారము చేసి పెట్టెదనని నమ్మించి రాజశేఖరుని సొత్తుతో పరారి యగు భాగమునకు మాత్రము గది దద్దరిల్లెను. "ఇప్పటి బైరాగి సెల్‌ఫోనులో వస్తాడండీ" యని వెనుక బల్లనుండి యొకడు పలికెను. అందరును నవ్విరి, వానితండ్రి పోగొట్టుకొన్న సొమ్ము సంగతి యెఱిగిన మేము తప్ప.

జాషువగారి "గబ్బిలము" (1941) ఇంకను ముట్టుకొనలేదు. ఎవనికి గుడి ప్రవేశము లేదో, అతని మొఱను శివునికి చేర్చుటకు గుడిలో వ్రేలాడు గబ్బిలమే దూత యని చెప్పినంతనే, దానినే ముందుగ మొదలు పెట్టుదమని పిల్లలు పట్టుబట్టిరి. ఒకటి ముగింపక రెండవది వలదంటిమి. ఆ మాట చెప్పుటకు మాకున్న యర్హత యెంతయో చదువరులే యెఱుగుదురు.

మా గ్రంథాలయపు "మాలపల్లి" ప్రతి చాల పాతది. నడుమ కొన్ని పుటలు చినిగిపోయినవి. వచ్చు నెలకు మేమా తావునకు చేరెదము. పూర్వ విద్యార్థులలో ఎవరియొద్దనైన మంచి ప్రతి యున్నచో, కొన్ని శుక్రవారముల కెరువిచ్చిన చాలును. అట్ట వేయము.